శుభం అన్న ఒక్క మాట

మొన్న మధ్యాహ్నం చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతుంటే మా మనవరాలు వచ్చి, గోడకున్న ప్లగ్గు దగ్గర నిలబడి, "నానమ్మా, నా ఫోనుకు శుభం కార్డు పడింది. నీ చార్జర్ ఎక్కడ పెట్టినవ్?" అని అడిగింది. నా చెయ్యి పప్పులోనే ఆగిపోయింది. చార్జర్ అదే వెతుక్కుని తగిలించుకుంది. పక్కన కూర్చుని, తమ కాలేజీలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారని, సినిమాల నుంచి జనం నోటికెక్కిన మాటలు ఏరి, వాటికి అర్థం, పుట్టుక రాయాలని చెప్పింది. ఈ మాటకు తను రాసుకున్నది చదివి వినిపించింది. అర్థం: పని అయిపోవడం, ఖతం కావడం. పుట్టుక: పాత సినిమాల చివర తెర మీద వేసే అక్షరాలు. "ఇంతే కదా నానమ్మా?" అంది. ఇంతేనమ్మా అన్నాను. అబద్ధం చెప్పాను. ఆ మాట పేరు చెబితే ఈ వయసులో కూడా నా నోట్లో తడి ఆరిపోతుందని పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఎట్లా చెప్పను?

నేను పిరికిదాన్ని. ముందే ఒప్పుకుంటే మీకూ నాకూ సుఖం. మా కుటుంబమంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు పువ్వుల బొమ్మ మీద శుభోదయం అని పంపుతారు. మొదటి రెండు అక్షరాలు కనపడగానే నా గుండె దడదడలాడుతుంది. 'ఉదయం' కూడా చదివాకే ఊపిరి తీసుకుంటాను. మా ఇంటాయన చాలాసార్లు నవ్వారు. నవ్వనివ్వండి. పదేళ్ళ వయసులో, రాయచూరు ఎండలో, ఒక్క మాటను చేతిలో పట్టుకుని నేను నిలబడ్డ చోట ఆయన నిలబడలేదు కదా.

మాది రాయచూరు బజారులో పూజాసామాను దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, ఊదుబత్తీలు, గంధపు చెక్కలు, దీపపు వత్తులు. దుకాణం రెండు వీధుల అవతల ఉన్నా, సరుకు నిలవ ఉండేది మాత్రం మా ఇంటి వెనక గదిలోనే. అందుకని మా ఇంట్లో అన్నానికి, దుప్పట్లకు, నా బడి పుస్తకాలకు కూడా కర్పూరం వాసన. జొన్నరొట్టె విరిస్తే ముందు కర్పూరం, తరువాత జొన్న. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు నన్ను గుడి అని పిలిచేవాళ్ళు. ఆ వెనక గదిలో కుడిపక్క పెళ్ళికి, పేరంటానికి కావలసిన సరుకు. ఎడమపక్క, కొంచెం చీకటిలో, చావుకు కావలసినది: తెల్లగుడ్డ తానులు, శవం మీద చల్లే బుక్కా, గులాలు డబ్బాలు. దుకాణమన్నాక రెండూ అమ్మాలి. కానీ మా అవ్వ మాత్రం ఎడమపక్కకు చెయ్యి చాపేది కాదు. ఆ డబ్బాలు కదపాలంటే చిన్నాయనే కదపాలి, కదిపి చేతులు కడుక్కోవాలి.

అవ్వ అంటే మా నాన్న తల్లి. పుట్టిల్లు మట్మారి. సన్నగా, నల్లగా, మూడువేళ్ళ వెడల్పున విభూతి పెట్టుకుని, తెల్లవారకముందే లేచి ఇంటినంతా లేపేది. చదువు రాదు. రాకపోయినా మాటల విషయంలో ఆమెను మించిన పండితులు లేరని మా వీధంతా ఒప్పుకునేది. ఆమె ముందు చెడుమాట అనగూడదు. చెడు జరగవచ్చు, చెడు మాట మాత్రం పైకి రాగూడదు. బియ్యం అయిపోతే అయిపోయాయి అనగూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. దుకాణం మూసేశాం అనగూడదు, పెంచాం అనాలి. అది ఉర్దూ వాళ్ళ దగ్గర నేర్చుకున్నదో ఏమో నాకు తెలియదు. పాము పెరట్లోకి వస్తే పురుగు వచ్చింది. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మ వచ్చింది. బయటికి పోయేటప్పుడు పోతున్నా అంటే వెనక్కి పిలిచి, గడపలో నిలబెట్టి, వస్తా అనిపించి మరీ పంపేది. "నోరు గడప వంటిది పిల్లా. మంచిదాన్నే లోపలికి రానియ్యాల" అనేది. నేను నేర్చుకున్నాను. కాకపోతే పిల్లలు పెద్దలు నేర్పినదొక్కటే నేర్చుకోరు, దాని అడుగున ఉన్నది కూడా నేర్చుకుంటారు. నిండుకోవడమంటే ఖాళీ. కొండెక్కడమంటే చీకటి. మా ఇంట్లో మాట ఎంత మంచిదైతే సంగతి అంత చెడ్డదని నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఆ ఇంట్లోనే మా చిన్నాయన. నాన్న తమ్ముడు, పెళ్ళి కాని మనిషి, సినిమా పిచ్చి. తెలుగు బొమ్మ, కన్నడ బొమ్మ, హిందీ బొమ్మ, ఏది వచ్చినా మొదటి ఆటకు ఉండాల్సిందే. దుకాణం గల్లా దగ్గర కూర్చుని కూడా సినిమా మాటలే మాట్లాడేవాడు. గిరాకీలు అందుకే వచ్చేవాళ్ళని మా నాన్న మింగలేక కక్కలేక ఊరుకునేవాడు. ఈ శుభం అన్న మాటను మా ఇంట్లోకి తెచ్చింది ఆయనే. ఆ కాలపు బొమ్మల్లో కథంతా అయ్యాక, ఏడ్చినవాళ్ళు నవ్వాక, అందరూ వరసగా నిలబడ్డాక, తెర నిండా శుభం అని పడేది. తెలుగులోనూ అదే, కన్నడంలోనూ అదే. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు కాబట్టి మా ఊళ్ళో ఎవరైనా చదువుకునేవాళ్ళు. అది పడగానే దీపాలు వెలిగేవి, కుర్చీలు కొట్టుకునేవి, జనం లేచేవాళ్ళు. అందుకని చిన్నాయనకు ఏది అయిపోయినా శుభమే. సీసాలో నూనె అయిపోతే శుభం. సబ్బు అరిగిపోతే శుభం. చెప్పు తెగితే, "దీని శుభం కార్డు పడ్డది" అని మూలకు విసిరేవాడు. అవ్వకు ఒళ్ళు మండిపోయేది. తను దేవుడి ముందు, పెళ్ళిపత్రిక మీద, కొత్త చిట్టా మొదట రాయించే మాట అది. అది మొదలు పెట్టే మాట గానీ ముగించే మాట కాదని ఆమె వాదన. ఆ వాదన నెగ్గలేదు. సినిమా ముందు ఎవరి వాదన నెగ్గింది కనక?

అవ్వ సినిమాకు పోయేదే కాదని అనుకోకండి. దేవుళ్ళ బొమ్మ వస్తే నన్ను, అమ్మను వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఆటకు వచ్చేది. టాకీసులో కూడా ఆమెకు ఒక నియమం. అందరూ శుభం పడకముందే, రద్దీ అవుతుందని తలుపు దగ్గరికి ఉరికితే, ఆమె మాత్రం కదిలేది కాదు. ఆ అక్షరాలు రాగానే చేతులు జోడించి, అవి తెర మీంచి పోయిందాకా కూర్చునేది. నేను చెయ్యి పట్టి లాగితే, "శుభం సూడక లేస్తే కథ ఎంబడి వస్తది" అనేది. కథ ఎక్కడికీ పోదని, ఆ కార్డు పడ్డప్పుడే అయిపోతుందని, పడనంతసేపు లోపలివాళ్ళు లోపల బతికే ఉంటారని నేను అప్పటికి ఒక లెక్కకు వచ్చాను. ఈ లెక్కే తరువాత నా కొంప ముంచింది.

ఆ ఎండాకాలం మొదట్లో మా ఎదురింటి తాత, గడియారాలు బాగుచేసే ముసలాయన, పోయాడు. చిన్నాయన గడపలోంచే అవ్వకు వినిపించేట్టు, ఎదురింటాయనకు శుభం కార్డు పడింది అన్నాడు. అవ్వ చేతిలోని గరిటె విసిరింది. అది నా భుజానికి తగిలింది. భుజం రుద్దుకుంటూనే నేను కిటికీలోంచి చూశాను. వాకిట్లో పడుకోబెట్టిన తాత నోరు కొంచెం తెరిచి ఉంది. మా ఇంటి వెనక గదిలోని గులాలే ఆయన మొహం మీద చల్లారు. మొహం గులాబీ రంగు అయింది, కనురెప్పల మీద కూడా పడింది, ఆయన తుడుచుకోలేదు. శుభం అంటే ఏమిటో నాకు ఆ రోజు కళ్ళారా కనపడింది.

అది జరిగి నెలన్నా కాలేదు, అమ్మకు కడుపులో గడ్డ అని తేలింది. అంతకుముందు కొన్ని నెలలుగా ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని, రొట్టె తట్టడం ఆపి, కళ్ళు మూసుకునేది. నేను అడిగితే ఏమీ లేదనేది. మా ఇంట్లో ఏమీ లేదంటే ఏదో ఉన్నట్టే. షోలాపూరు దవాఖానలో ఆపరేషన్ చేయాలని చెప్పారు. రైలుకు పోయే రోజు నాన్న, అవ్వ, చిన్నాయన దేవుడి గదిలో తలుపు చేరవేసుకుని మాట్లాడుకున్నారు. నేను బయట అమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుని కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో చాలా రోజుల తరువాతే తెలిసింది. ఆపరేషన్ బాగా జరిగి అమ్మ కళ్ళు తెరిస్తే నాన్న తార్ కొడతాడు. మా వీధిలో టెలిగ్రామును అందరూ తార్ అనేవాళ్ళు. దాంట్లో ఒకే మాట ఉంటుంది. బాగాలేకపోతే తార్ ఉండదు, నాన్నే వస్తాడు. ఆ ఒక్క మాట ఏదో అవ్వే చెప్పిందట. ఇంకెవరు చెబుతారు, ఇంట్లో మాటలన్నీ ఆమెవే కదా.

సోమవారం ఆపరేషన్. ఆ రోజు పొద్దున అవ్వ స్నానం చేసి, దేవుడి ముందు తను నీళ్ళు తాగే ఇత్తడి చెంబును బోర్లించింది. కోడలి కబురు వచ్చిందాకా గొంతులో నీటిచుక్క పోయనని మొక్కుకుంది. చిన్నాయన బతిమాలాడు. రాయచూరు ఎండ ఎట్లాంటిదో ఆ ఎండ తిన్నవాళ్ళకే తెలుసు. పిట్టలు కూడా మధ్యాహ్నం నోరు తెరుచుకుని కూర్చుంటాయి. అవ్వ వినలేదు. ఆ రోజంతా బాగానే తిరిగింది. నాకు రొట్టె, పుండికూర చేసి పెట్టింది, తలదువ్వి జడ వేసింది. వేళ్ళు మాత్రం వేడిగా ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం అవ్వ హనుమంతుడి గుడికి ప్రదక్షిణలు చేయడానికి పోయింది. చిన్నాయన దుకాణంలో ఉన్నాడు. వీధిలో ఒక్క తలుపు కూడా తెరిచి లేదు. సైకిల్ గంట వినపడింది. తలుపు సందులోంచి చూస్తే ఖాకీ బట్టల మనిషి. ఆ మనిషి సైకిల్ ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లోంచి ఏడుపు వినపడటం నేను రెండుసార్లు చూశాను. మా ఇంటి ముందే ఆగింది. "మన్యాగ యారదీరి?" అని కన్నడంలో కేకేశాడు. ఇంట్లో ఎవరూ లేరు, నేనే ఉన్నాను అన్నాను. నా వంక చూసి, ఒక క్షణం ఆలోచించి, కాగితం మీద సంతకం పెట్టమని పెన్సిల్ ఇచ్చాడు. నా చెయ్యి ఎంత వణికిందంటే నా పేరు నాకే చదవరాలేదు. తార్ నా చేతిలో పెట్టి, పెద్దవాళ్ళకు ఇవ్వమని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను ఆ సంవత్సరమే ఐదో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. కాగితం విప్పాను. లోపల అతికించిన సన్నటి పట్టీ, దాని మీద పెద్దక్షరాలు. ఎస్సు. యు. బి. హెచ్చు. ఎ. ఎమ్ము. తరువాత నాన్న పేరు. కలుపుకున్నాను. ఒకసారి కలుపుకుంటే శుభం అని వచ్చింది. తప్పు కలిపానేమోనని గోడకు ఆనుకుని మళ్ళీ కలిపాను. మళ్ళీ శుభమే వచ్చింది. అమ్మ మొహం మీద గులాలు కనపడింది, రెప్పల మీద, అమ్మ తుడుచుకోకుండా ఉండటం. నాన్న ఆ మాట ఎందుకు రాశాడని అనుమానం కూడా రాలేదు. మా ఇంట్లో చెడుకబురును ఎవరైనా ఇంకెట్లా రాస్తారు? మాట ఎంత మంచిదో సంగతి అంత చెడ్డది. దీనికన్నా మంచి మాట తెలుగులో లేదు.

ఏడవలేదు. ఏడిస్తే వీధికి వినపడుతుంది. ఒక్కటే అనిపించింది. ఈ కార్డు ఇంకా ఎవరూ చూడలేదు. చూడనంతసేపు కథ నడుస్తూనే ఉంటుంది, దీపాలు వెలగవు, ఎవరూ లేవరు. అవ్వ చూసిందా, అయిపోతుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వెనక గదిలోకి పోయాను. ఎప్పుడూ పోని ఎడమపక్కకు పోయి, గులాలు డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున దాచాను. అవ్వ చెయ్యి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటే. తరువాత చెయ్యి ఎన్నిసార్లు కడిగినా గోళ్ళలో గులాబీ రంగు పోలేదు. అవ్వకు కనపడకుండా పిడికిలి బిగించుకుని కూర్చున్నాను. గుడి నుంచి వచ్చి అవ్వ మొదటగా అడిగింది, ఎవరన్నా వచ్చినారా అని. లేదన్నాను.

ఆ సాయంత్రం నుంచి నాకు రెండు భయాలు. అమ్మది ఒకటి. కళ్ళ ముందు అవ్వది ఇంకొకటి. ఆమె పెదవులు పగిలి తెల్లటి పొరలు లేచాయి. మాట్లాడితే నాలుక అంగిట్లో అతుక్కుని టక్కుమని చప్పుడు వచ్చేది. కాగితం చూపిస్తే కోడలి కబురు విని గుండె ఆగిపోతుంది. చూపించకపోతే నీళ్ళు లేక పోతుంది. పదేళ్ళ పిల్లకు ఈ లెక్క ఎవరు నేర్పుతారు? నేను నీళ్ళు తాగాలంటే కూడా భయమేసి, దొంగతనంగా పెరట్లోకి పోయి తాగాను. గుటక వేసిన చప్పుడు అవ్వకు వినపడిందేమోనని అక్కడే నిలబడ్డాను.

బుధవారం మధ్యాహ్నానికి అవ్వ లేవలేదు. నడిమింట్లో బండల మీద చెంగు పరుచుకుని, దేవుడి గదివైపు తిరిగి పడుకుంది. చిన్నాయన ఉండబట్టలేక తార్ ఆఫీసుకు పోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహం చూసి నేను స్తంభం వెనక్కి పోయాను. "నిన్ననే ఇచ్చినమంటున్రమ్మా. సంతకం గూడ ఉందంట, పేరు చదవరాదంట" అన్నాడు. వచ్చిందంటే చాలదు, దాంట్లోని మాట చెవిన పడందే తాగనని అవ్వ తల అడ్డంగా ఊపింది. ఎవరింట్లోనో పొరపాటున ఇచ్చి ఉంటారని, ఆ సైకిల్ మనిషిని పట్టుకుంటానని మళ్ళీ ఎండలో పడి ఉరికాడు. ఇంకొక గంటలో ఆ మనిషి వస్తాడు, నన్ను చూపిస్తాడు. దానికి కూడా నేను అంత భయపడలేదు. అవ్వ కళ్ళు సగం మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎదురింటి తాత నోరు అట్లాగే ఉండింది.

గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పెదవులకు ఆనించాను. పళ్ళు బిగించుకుంది. నీళ్ళు చెంప మీదుగా కారిపోయాయి. వేలెత్తి బోర్లించిన చెంబు చూపించింది. నాకు ఇక చేతకాలేదు.

"తాగవ్వా. తార్ వచ్చింది" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. "ఏమనొచ్చింది బిడ్డా?" అంది.

ఏమని చెప్పను? చచ్చిపోయింది అన్న మాట ఆ గోడలు ఎన్నడూ విననిది. శుభం అంటే ఆ గరిటె దెబ్బ ఇంకా నా భుజం మీదే ఉంది. అవ్వ నాకు నేర్పిన మాటల్లోనే వెతుక్కున్నాను.

"అమ్మ నిండుకుందవ్వా" అన్నాను.

అవ్వ ఏడవలేదు. బియ్యం డబ్బాలో తొంగిచూసినట్టు నా మొహంలోకి తొంగిచూసింది. మోచేతి మీద ఎట్లా లేచిందో, ఆ బలం ఎక్కడిదో నాకు తెలియదు. "కాయిదం యాడుంది?" అంది. పరుగెత్తుకెళ్ళి డబ్బా అడుగు నుంచి తీసి తెచ్చాను. అంతా గులాలు. ఆ గులాలును అవ్వ తన చేత్తో తుడిచింది, ఎన్నడూ ముట్టని చేత్తో. ఆమెకు ఏ అక్షరమూ రాదు. కాగితం నాకే ఇచ్చి చదవమంది. ఎస్సు, యు, బి, అని అక్షరం అక్షరం చదివి, కలిపి, శుభం అన్నాను. ఇంకోసారి చదవమంది. చదివాను. మూడోసారి చదివించింది. అవ్వకు మతి పోయిందనుకున్నాను. అప్పుడు దేవుడి గదివైపు చూసి, చెంబు సక్కగ పెట్టు బిడ్డా అంది.

చెంబు తిప్పి నీళ్ళు పోసి ఇస్తే రెండు చేతులా పట్టుకుని తాగింది. సగం రవికె మీదే పోయాయి. తాగి, తడిసిన చేత్తో నా తల నిమిరి, "మీ అమ్మ మంచిగుంది పిల్లా. శుభమంటే శుభమే" అంది. ఇక్కడ మీరు నేను అమ్మయ్య అనుకున్నానని అనుకుంటారు. నాకు అంతకు ముందుకన్నా ఎక్కువ భయమేసింది. అవ్వ మంచిగుంది అంటోంది. అవ్వ నోటి నుంచి మంచిమాట తప్ప వేరే మాట ఎప్పుడు వచ్చింది? దీపం ఆరినప్పుడు కూడా ఆమె కొండెక్కిందనే కదా చెప్పింది? చిన్నాయన వచ్చి, కాగితం చూసి, నన్ను ఎత్తుకుని నడిమిల్లంతా తిరిగాడు. ఆయననూ నమ్మలేదు. పిల్లకు తెలియకూడదని ఇద్దరూ కలిసి ఆడుతున్నారనుకున్నాను. అన్నం ముందు కూర్చోబెడితే ముద్ద కలిపి వదిలేశాను. అవ్వ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని గోళ్ళ వంక చూసింది.

మరునాడు పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచింది. బియ్యం డబ్బా మూత తీసి, అడుగు కనపడేట్టు వంచి, ఒక్కొక్క మాట విడదీసి, "బియ్యం అయిపోయినయ్" అంది. నేను బిత్తరపోయాను. తరువాత దేవుడి గదిలోకి తీసుకుపోయి, రాత్రి ఎప్పుడో ఆరిన ప్రమిద చూపించి, దీపం ఆరిపోయింది అంది. ఆ మాట అంటే ఇంటికి ఏమవుతుందోనని ఆమెకు ఎంత భయమో నాకు ఇప్పుడు తెలుసు. డెబ్బై ఏళ్ళుగా గడప దాటనివ్వని మాటలవి. అవి రెండూ అన్నాక నా ముందు కూర్చుని, నా రెండు చెవులూ పట్టుకుని, "ఇప్పుడు ఇను. మీ అమ్మ సావలే. సావలే పిల్లా, బతికుంది" అంది. అనగానే తన చెంపలు తనే వేసుకుంది. అప్పుడు నమ్మాను. ఆ పొద్దు నేను ఏడ్చిన ఏడుపుకు ఎదురింటివాళ్ళు పరుగెత్తుకుని వచ్చారు.

మూడు వారాలకు అమ్మ వచ్చింది, రిక్షాలో, నాన్న భుజం పట్టుకుని, సగమై. వచ్చాక చాలా ఏళ్ళు బతికింది. చిన్నాయన శుభం అనడం మానేశాడు. అయితే ఆయన ఒక్కడు మానేస్తే ఊరు మానేస్తుందా? అందరూ అంటూనే ఉన్నారు, ఇప్పుడు నా మనవరాలూ అంటోంది. వీళ్ళ సినిమాల్లో ఆ అక్షరాలే పడవు, పేర్లు పైకి పోతూనే ఉంటాయి, ఎప్పుడు లేవాలో తెలియదు. కార్డు పోయింది, మాట మిగిలింది. ఇప్పటి పిల్లలు చావును చావంటారు, రోగాన్ని దాని ఇంగ్లీషు పేరుతో సహా ఒక్క గుక్కలో చెబుతారు. కబురు రెండు రోజులు డబ్బాలో దాగదు, ఆస్పత్రి మంచం మీంచే ఫోటో వస్తుంది. అది మంచిదే. మంచిదేనని నాకు నేను చెప్పుకుంటాను. అయినా బియ్యం డబ్బా ఖాళీ అయినప్పుడు నా నోటికి ఇప్పటికీ నిండుకున్నాయనే వస్తుంది. పిల్ల దగ్గరుంటే మాత్రం సర్దుకుని, అయిపోయాయి అంటాను.

మనవరాలికి ఇదంతా చెప్పాను, మొన్న కాదు, నిన్న. రాసుకోవడం ఆపేసి విన్నది. చివరికి, అవ్వ ఎట్లా పోయిందని అడిగింది.

నాకు పెళ్ళయి గద్వాలలో ఉన్న రోజులు. పక్కింటివాళ్ళకు ఫోను ఉండేది. పొద్దున పదింటికి పిలిచారు. అవతల చిన్నాయన. ఎట్లున్నవ్ అనలేదు, అల్లుడు ఎట్లున్నడనలేదు. "అవ్వ సచ్చిపోయింది సరోజా" అన్నాడు. పక్కింటామెకు కూడా వినపడి, ఇదేం మనిషి, ఇట్లా చెబుతారా ఎవరైనా అన్నట్టు నా వంక చూసింది. చిన్నాయనే మళ్ళీ, ఇట్ల చెప్పమన్నది అవ్వే, నేను కాదు అన్నాడు. నాలుగు రోజుల ముందు, ఇంకా తెలివిలో ఉన్నప్పుడే, ఆయనను దగ్గరికి పిలిచి మరీ చెప్పిందట. "సరోజకు మంచి మాటల్ల చెప్పకుండ్రి. సచ్చిపోయింది అనే చెప్పుండ్రి. లేకుంటే మల్ల డబ్బాల దాసిపెట్టుకోని, నీళ్ళు గూడ సక్కగ తాగదు" అన్నదట.

ఫోను పెట్టేశాను. పక్కింటామె గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. నిలబడే, అన్నీ తాగాను. తాగి రాయచూరు బస్సెక్కాను.